విశాఖలో మూడేళ్ల బిడ్డకు మంచి తొలి చదువు అందించే విధానం

చేపల రేవులో తెల్లవారకముందే పనికి చేరే తల్లి అయినా, గాజువాకలో కూలికి వెళ్లే తండ్రి అయినా, బిడ్డకు మూడేళ్లు నిండగానే మొదట చూడవలసినది ఇంటికి దగ్గరలోని అంగన్‌వాడీ కేంద్రాన్నే. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద నడిచే ఈ కేంద్రాలలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య, వేడి భోజనం, ఎదుగుదల పరిశీలన ఉచితంగా లభిస్తాయి. ఆధార్, జనన ధ్రువపత్రం, టీకాల కార్డు ఉంటే వెంట తీసుకువెళ్లండి.

చేర్పించే ముందు కాసేపు అక్కడ కూర్చొని, పిల్లలు నోరువిప్పి మాట్లాడుతున్నారా, కథలు వింటున్నారా, బొమ్మలు వారి చేతికి అందుతున్నాయా అన్నది గమనించండి. మూడేళ్ల బిడ్డ చేత అక్షరాలు పదేపదే దిద్దించడం మంచి చదువుకు గుర్తు కాదని నా దృఢమైన అభిప్రాయం. తాగునీరు, మరుగుదొడ్డి సంగతి కూడా అడగండి. లోపం కనిపిస్తే ముందు కార్యకర్తతో, తరువాత సూపర్‌వైజర్‌తో మర్యాదగానే, కానీ వెనుకాడకుండా మాట్లాడండి.

ఇంట్లో గవ్వలు లెక్కపెట్టించండి, చేపలను పరిమాణాన్ని బట్టి వేరుచేయించండి, రాత్రి పడుకునేటప్పుడు మీ యాసలోనే కథ చెప్పండి. ఒకటో తరగతికి వచ్చేసరికి, ప్రైవేటు బడులలో బలహీన వర్గాల పిల్లలకు 2009 నాటి విద్యాహక్కు చట్టం కేటాయించిన 25 శాతం ఉచిత సీట్లకు దరఖాస్తు చేయండి.