అంకెల్ని తెలుగు మాటల్లోకి మార్చే ప్రోగ్రాం: రసీదు మీద “ఐదు వందలు రూపాయలు” అని పడుతుంటే

శ్రీకాకుళం, విజయనగరం వైపు అమ్మవారి సంబరాల చందా రసీదులు మొదలుకొని పలాస జీడిపప్పు బిల్లుల దాకా, మొత్తాన్ని అక్షరాల్లో వేసే ప్రోగ్రాంలు చాలానే సరిచేశాను. దాదాపు అన్నిట్లోనూ ఇవే తప్పులు. మీరు పైథాన్‌లో రాస్తున్నారనుకుని చెబుతున్నాను.

కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకముందే, ఫంక్షన్‌లోకి (సంఖ్యను మాటల్లోకి మార్చే కోడ్ భాగంలోకి) వెళ్తున్న సంఖ్యను అక్కడికక్కడ ప్రింట్ చేసి చూడండి. ఎంత చెప్పినా ఎవరూ చేయరు. చాలాసార్లు తప్పు మార్పిడిలో ఉండనే ఉండదు. 25,000 కామాతో సహా స్ట్రింగ్‌గా, అంటే సంఖ్యగా కాక అక్షరాల వరసగా, వచ్చి ఉంటుంది. లేదా ఒంటి గీత (/) భాగహారం వాడినందుకు 25కి బదులు 25.0 వచ్చి ఉంటుంది. కామాలు తీసేసి పూర్ణాంకం చేయండి, జంట గీతల (//) భాగహారం వాడండి.

సమస్య: 12,34,567 ఇస్తే “ఒక మిలియన్…” అని మొదలవుతోంది

ఇంగ్లీషు కోసం రాసిన కోడ్ తెచ్చి మాటలు మాత్రం మార్చారు. అది మూడేసి అంకెల చొప్పున విడగొడుతుంది. కోటి, లక్ష, వెయ్యి, వంద, ఈ వరసలో భాగిస్తూ శేషాన్ని కిందికి పంపండి. అంతే.

సమస్య: “ఐదు వందలు రూపాయలు”, “నూట రూపాయలు”, “లక్షా రూపాయలు”

అసలు ఏడిపించేది ఇదే. పరీక్షలో దొరకదు. ఎందుకంటే మనవాళ్లు పరీక్షించేదే 116, 516, 1,116, 10,116తో. చందాలు అలాగే రాస్తారు కాబట్టి చేతికి అవే వస్తాయి. అన్నీ చక్కగా పడతాయి: నూట పదహారు, ఐదు వందల పదహారు, వెయ్యి నూట పదహారు. సంబరం మొదలయ్యాక ఎవరో సరిగ్గా 500 ఇస్తారు, అప్పుడు బయటపడుతుంది.

తెలుగులో సంఖ్య మాట చివర ఎలా ఉండాలో దాని వెనక వచ్చేదాన్ని బట్టి మారుతుంది. కోడ్ అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఒకటి, ఇంకా శేషం మిగిలిందా? రెండు, సంఖ్య అయ్యాక రూపాయలు లాంటి పేరు వస్తుందా? వందలు, వేలు, లక్షలు, కోట్లు అయితే ఈ రెండింట్లో ఏది అవునన్నా వందల, వేల, లక్షల, కోట్ల అయిపోతాయి. కానీ వంద నూటగా మారడం, లక్ష లక్షాగా, కోటి కోటీగా సాగడం శేషం ఉంటేనే. పేరు ఉన్నంత మాత్రాన మారవు. వంద రూపాయలు, లక్ష రూపాయలు అంటాం. నూట ఐదు రూపాయలు, లక్షా ఐదు రూపాయలు అంటాం.

చాలామంది ఈ రెండు ప్రశ్నలకీ కలిపి ఒకే జెండా (అవునా కాదా అని గుర్తుపెట్టుకునే వేరియబుల్) పెడతారు. “ఐదు వందల రూపాయలు” సరిచేస్తే “నూట రూపాయలు” పాడవుతుంది, అది సరిచేస్తే ఇది పాడవుతుంది. రెండు జెండాలు వేరువేరుగా పెట్టండి. పేరు వస్తుందా లేదా అన్నది ఫంక్షన్‌కి బయటి నుంచి ఇవ్వండి. శేషం సంగతి ప్రతి స్థానం దగ్గర ఫంక్షనే చూసుకోవాలి.

శేషం అంటే మిగిలిన మొత్తం, పక్క అంకె కాదు. 2,00,005లో వేల స్థానం సున్నా అని చూసి ఆగిపోయిన కోడ్ “రెండు లక్షలు ఐదు” అంటుంది. రావాల్సింది రెండు లక్షల ఐదు.

కోట్ల ముందు వచ్చే సంఖ్యకు ఇదే ఫంక్షన్‌ని మళ్లీ పిలవండి, పేరు ఉందని చెప్పి. అక్కడ కోట్లే పేరు. అప్పుడు వంద కోట్లు, రెండు వందల కోట్లు వాటంతటవే సరిగ్గా వస్తాయి. పేరు ముందు “ఒకటి” కూడా నిలవదు: ఇరవై ఒక్క రూపాయలు, ఇరవై ఒక్క వేలు. 1 ఒక్కటే వస్తే “ఒక రూపాయి” అని విడిగా రాసేయండి.

పరీక్షకు 100, 101, 200, 1,000, 2,000, 2,005, 1,00,000, 1,00,005, 2,00,005, 1,00,00,000 తీసుకోండి. ప్రతిదాన్నీ రూపాయలతో ఒకసారి, రూపాయలు లేకుండా ఒకసారి నడపండి. 116 ఒక్కటీ పెట్టి వదిలేయకండి, దయచేసి.

సమస్య: ఒక పైసా తగ్గుతోంది

4.35ని 100తో గుణిస్తే పైథాన్ ఇచ్చేది 434.99999999999994. దాన్ని పూర్ణాంకం చేస్తే 434, ముప్పై నాలుగు పైసలు. డబ్బును ఫ్లోట్‌లో, అంటే పైథాన్ సుమారుగా దాచే దశాంశ సంఖ్యలో, పెట్టకండి. మొదటి నుంచీ పైసల్లోనే పూర్ణాంకంగా దాచండి. పైసలుంటే “నాలుగు రూపాయల ముప్పై ఐదు పైసలు” అనాలి, పైన చెప్పిన సూత్రమే రూపాయలకూ వర్తిస్తుంది.

మిగతావి అరుదు. 0 ఇస్తే ఖాళీగా వస్తుంటే ఫంక్షన్ మొదట్లోనే “సున్నా” తిరిగిచ్చేయండి. అక్షరాల బదులు డబ్బాలు పడినా, ఒత్తులు విడిపోయినా అది ఫాంటు, ప్రింటర్ గొడవ. దానికోసం ఈ కోడ్‌ని కదపకండి.