తక్కువ ఖర్చు సీజీ ఉన్న ప్రేమకథా అనిమేను చూసే పద్ధతి

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో కాలేజీ విద్యార్థులు అనిమేను, అంటే జపాన్ యానిమేషన్ కథలను, ఎక్కువగా సెల్‌ఫోనులోనే చూస్తున్నారు. పోరాటాల కథలకు అలవాటుపడినవారు ప్రేమకథల వైపు వచ్చినప్పుడు చాలామంది మొదటి ఎపిసోడ్ దగ్గరే ఆగిపోతున్నారు. ఎందుకని అడిగితే, వెనకాల మనుషులు మరబొమ్మల్లా నడుస్తున్నారని, చూడబుద్ధి కాలేదని చెబుతారు. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. అయితే చౌకగా చేసిన కంప్యూటర్ బొమ్మ, అంటే సీజీ, నాయికానాయకుల ముఖం మీద ఉంటే ఒక లెక్క, వారి వెనక గుంపులో ఉంటే మరొక లెక్క. ఈ తేడా చూసుకోకుండా మంచి ప్రేమకథను వదులుకోవడం నష్టమని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా తెరను సరిచేసుకోవాలి. వీడియోలో సెకనుకు 24 ఫ్రేములు ఉన్నా, చేత్తో గీసే టీవీ అనిమేలో సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు లేదా మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు కనుక, సెకనుకు కనిపించే కొత్త బొమ్మలు 12 లేదా 8 మాత్రమే. ఇంట్లోని స్మార్ట్ టీవీలో మోషన్ స్మూతింగ్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే, అది లేని బొమ్మలను మధ్యలో తానే కల్పించి, గీసిన పాత్రలను కూడా జారుడుగా మార్చేస్తుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో దానిని ఆపివేయండి. ఫోనులో చూసేవారు డేటా మిగుల్చుకోవడానికి నాణ్యతను బాగా తగ్గిస్తే కళ్ళ చుట్టూ ఉండే సన్నని గీతలు, బుగ్గల మీది ఎరుపు ముందుగా చెరిగిపోతాయి. ప్రేమకథకు అవే ప్రాణం కనుక వైఫై దొరికినచోట డౌన్‌లోడ్ చేసుకొని చూడటం మేలు.

ఇక గుంపు సంగతి. రద్దీ వీధిని చేత్తో గీయాలంటే ప్రతి మనిషికీ విడిగా బొమ్మలు గీయాలి; కంప్యూటర్‌లో మలిచే త్రీడీ మోడల్ అయితే ఒక్కసారి తయారు చేసి, దుస్తుల రంగు మార్చి, అదే నడకను ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. డబ్బూ సమయమూ తక్కువగా ఉన్న స్టూడియో ఈ దారి పట్టడం సహజం. నెల్లూరు రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు ఒడ్డున కాసేపు నిలబడితే, ఒకరు తడిసిన కొంగు పిండుకోవడానికి ఆగుతారు, ఇంకొకరు వెనకబడిన పిల్లవాడి కోసం తిరిగి చూస్తారు, ఏ ఇద్దరి అడుగూ కలవదు. చౌక సీజీ గుంపులో లేనిది ఇదే: అందరి చేతులూ ఒకే ఎత్తులో ఊగుతాయి, ఎవరూ ఆగరు. దానికి తోడు ముందున్న పాత్రలు సెకనుకు 8 బొమ్మలతో కదులుతుండగా వెనకవారు 24 ఫ్రేములూ నున్నగా కదిలితే, చూపు తనంతట తానే నాయిక ముఖాన్ని విడిచి వెనక్కి పోతుంది. ఆనందం చెడటానికి అసలు కారణం ఆ చూపు మళ్ళడమే.

దీనికి నేను చెప్పే ఉపాయం చిన్నది. అటువంటి గుంపు మొదటిసారి కనిపించగానే వీడియో ఆపి, వెనక్కి జరిపి, ఆ గుంపునే తనివితీరా చూడండి. ఏ నడక ఎన్నిసార్లు తిరిగి వస్తుందో పట్టుకోండి. కుతూహలం తీరాక కన్ను మళ్ళీ మళ్ళీ అటు పోదు. ఈ సాధనకు 2017లో వచ్చిన 12 ఎపిసోడ్ల ‘త్సుకి గ కిరేయ్’ చాలా తగినది. జపాన్‌లోని సైతామా ప్రాంతంలో ఉన్న కవగోయె పట్టణంలో, ఒకే తరగతి చదివే ఇద్దరు బిడియస్థుల కథ ఇది. వెనక నడిచే మనుషులు కొన్నిచోట్ల నిజంగానే బిగుసుకుపోయి ఉంటారు. కానీ అబ్బాయి తన గదిలో దీపానికి వేలాడే తాడును పిడికిలితో గుద్దుతూ లోపలి కలతను తీర్చుకోవడం, అమ్మాయి కంగారు పడినప్పుడల్లా చిలగడదుంప ఆకారంలో ఉన్న చిన్న మెత్తటి బొమ్మను పిసకడం చూడండి. ఖర్చు తక్కువైనా శ్రద్ధ ఎక్కడ పెట్టారో అక్కడ తెలుస్తుంది.

పాత్రల ముఖాలే సీజీ అయినప్పుడు కొలత మారుతుంది. గీసిన ముఖాన్ని క్షణంపాటు కదలకుండా నిలిపితే అది మౌనంగా కనిపిస్తుంది, త్రీడీ ముఖాన్ని అలాగే నిలిపితే ప్రాణం పోయినట్లు ఉంటుంది. అందుకే మంచి బృందాలు ఆ నిలుపులో కూడా చిన్న ఊపిరి కదలికను ఉంచుతాయి. 2018 నాటి ‘హై స్కోర్ గర్ల్’లో పాత్రలు త్రీడీ మోడళ్ళే, అందులోని నాయిక ఓనో మాట్లాడదు. అయినా ఆమె తల వంపు, చేతి విసురు, అడుగు బరువు ఆమె మనసును తెలియజేస్తాయి. సీజీ అన్నంత మాత్రాన ప్రేమ పలకదనుకోవడం పొరపాటని ఇది చూస్తే తెలుస్తుంది.

అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసినవి చేతులు. రెండు త్రీడీ మోడళ్ళు ఒకదానినొకటి తాకడం కష్టమైన పని: వేళ్ళు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి, లేదా మధ్యలో సన్నని ఖాళీ మిగులుతుంది, కౌగిలిలో చొక్కా ముడతలు పడదు. ఒక్కొక్కటీ సరిదిద్దాలంటే మనిషి కూర్చొని చేయాలి, చౌక నిర్మాణంలో ఆ సమయం ఉండదు. ప్రేమకథలో చేయి పట్టుకోవడమే పెద్ద సంఘటన కనుక, ఆ క్షణం వచ్చినప్పుడు దర్శకుడు ఏం చేశాడో గమనించండి. కెమెరాను పాదాల వైపో, భుజాల వైపో తిప్పి, గొంతులోని తడబాటును వినిపిస్తే, అతడికి తన పరిమితి తెలుసు. ఆ కథను నమ్మవచ్చు. అతకని వేళ్ళను దగ్గరగా చూపిస్తూ సంగీతం పెంచితే, ముందు ముందు కూడా అదే జరుగుతుంది.

సబ్‌టైటిల్స్ చదువుతూ చూసే మనకు ఇంకొక చిక్కు ఉంది. చూపు తెర అడుగున ఉండటంతో ముఖంలోని సూక్ష్మమైన మార్పు తప్పిపోయి, వెనకాల కదిలే పెద్ద గుంపే కంటికి ఆనుతుంది. ప్రేమను వెల్లడించే ఘట్టాన్ని ఒకసారి చదువుతూ చూసి, అర్థం తెలిశాక సబ్‌టైటిల్స్ తీసేసి మళ్ళీ చూడండి. మూడోసారి కళ్ళు మూసుకొని వినండి. గొంతులూ వాటి మధ్య మౌనమూ మిమ్మల్ని పట్టి ఉంచితే బొమ్మల లోపాన్ని భరించవచ్చు.

హాస్టల్ గదిలో నలుగురితో కలిసి చూడటం ఇటువంటి కథలకు మంచిది కాదు. ఒకరు నడకను చూసి నవ్వితే మిగతావారికి అదే కనిపిస్తుంది. ఒంటరిగానో, ఇష్టంగా చూసే ఒక్కరితోనో మొదటి మూడు ఎపిసోడ్లు చూడండి. అప్పటికీ ముఖాలు పలకకపోతే మొహమాటం లేకుండా ఆపేయండి. ఆ కథకు మూలమైన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం, ఉందేమో వెతకండి. ‘హై స్కోర్ గర్ల్’ వంటి వాటికి ఉంది, ‘త్సుకి గ కిరేయ్’ నేరుగా అనిమేగానే రాసిన కథ.