కుక్క అన్నంలో కూర కలిపే ముందు

మన వైపు కుక్కకు వేరుగా వండే ఇళ్లు తక్కువ. మిగిలిన అన్నంలో ఇంత కూర కలిపి పెట్టడమే అలవాటు. హనుమకొండలో మా ఇంట్లోనూ అంతే జరిగేది. ఒక దసరా మరునాడు మటన్ కూర అడుగున మిగిలిన గుజ్జునంతా 12 కిలోల మా కుక్కకు పెట్టాము. నాలుగో రోజుకు అది మెట్లెక్కలేక కూలబడింది, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. పశువైద్యుడు మొదట అడిగింది కూరలో ఉల్లిగడ్డ ఎంత వేశారనే.

ఉల్లిగడ్డలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను చిట్లిపోయేలా చేస్తాయి. కిలో శరీర బరువుకు 15 నుంచి 30 గ్రాములు తిన్నా రక్తంలో మార్పు వస్తుంది కాబట్టి, 12 కిలోల కుక్కకు 180 గ్రాములు, అంటే కూరకు మనం తరిగే రెండు ఉల్లిగడ్డలు, చాలు. వేయించినా ఉడికించినా ఆ గుణం పోదు. ఎల్లిగడ్డ ఇంకా తీవ్రమైనది. లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పట్టవచ్చు గనుక, తిన్ననాడు హుషారుగా ఉన్నదని నిశ్చింతగా ఉండకూడదు.

ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో ఒక్కో కుక్కకు ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి ఒక్కటి కూడా పెట్టవద్దు. ఇందుకు టార్టారిక్ ఆమ్లమే కారణమై ఉంటుందని 2021 నుంచి పశువైద్యులు భావిస్తున్నారు. చింతపండు పులుపు ఎక్కువగా ఆ ఆమ్లానిదే కనుక చారు, పచ్చిపులుసు కలిపిన అన్నం కూడా మానాలి. చాక్లెట్, ముఖ్యంగా నల్లటిది, గుండెకు చేటు. చక్కెరకు బదులు తీపికోసం వాడే జైలిటాల్ కలిసిన చూయింగ్ గమ్ తింటే రక్తంలో చక్కెర గంటలోపే పడిపోవచ్చు.

మరి ఏం పెట్టాలి? కోడికూర వండేనాడు, ఉప్పు, కారం, అల్లం ఎల్లిగడ్డ ముద్ద పట్టించకముందే బొక్క లేని నాలుగు ముక్కలు తీసి, ఉత్త నీళ్లలో మెత్తగా ఉడికించి, ఆ నీళ్లతోనే అన్నంలో పిసికి, చల్లారాక పెట్టండి. ఉడికిన గుడ్డు, గుమ్మడికాయ, క్యారట్, గింజలు తీసిన పుచ్చకాయ, ఉత్త జొన్నరొట్టె ముక్క పరవాలేదు. పాలు చాలా కుక్కలకు అరగవు. ఉప్పు వేయని పలుచని చల్ల కొన్నింటికి పడుతుంది. అయితే రోజూ పెరుగన్నమే పెడితే మాంసకృత్తులు, కాల్షియం చాలవు. ఈ సంగతి మన ఇళ్లలో చాలామంది పట్టించుకోరు.

ఉడికిన బొక్క చీలికలై పేగును చీల్చగలదు, మామిడి టెంక పేగులో ఇరుక్కుంటుంది. సంక్రాంతి సకినాలు, ఉప్పు నూనెల వల్ల, దానికి అందనంత ఎత్తులో ఉండాలి.

అనుమానం వస్తే పై పెదవి ఎత్తి, చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. రాకపోయినా, చిగుళ్లు మొత్తంగా పాలిపోయి ఉన్నా ఆలస్యం చేయకూడదు. చిగుళ్లు బాగానే ఉన్నా ద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ తిన్నదని తెలిసిన వెంటనే బయలుదేరాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం అసలే వద్దు, అది మరో విషమవుతుంది. ఏం తిన్నది, ఎంత, ఎన్ని గంటలకు, కుక్క బరువెంత అన్నది కాగితం మీద రాసుకొని, తిన్నదాని పొట్లం దొరికితే దాన్నీ పట్టుకొని పశువైద్యుని దగ్గరకు వెళ్లండి.