రోహిణి కార్తెలో హాల్ సెన్సర్ల కేలిబ్రేషన్: ఉష్ణోగ్రత గడి ఖాళీగా వదలకండి

అయస్కాంత క్షేత్రాన్ని వోల్టేజీగా చూపే హాల్ సెన్సర్లను కేలిబ్రేట్ చేస్తుండగా, అంటే తెలిసిన క్షేత్రంతో సరిచూస్తుండగా, గత వారం గుంటూరు దగ్గరి ఒక ప్రయోగశాలలో మధ్యాహ్నం రెండు గంటల వేళ లో వోల్టేజీకి ఏసీ ఆగిపోయింది. అయస్కాంతమూ మీటర్లూ నడుస్తూనే ఉన్నందువల్ల పిల్లలు పని ఆపలేదు. సాయంత్రం చూస్తే ఉదయం కేలిబ్రేట్ చేసిన సెన్సర్లకూ మధ్యాహ్నం చేసినవాటికీ పొంతన లేదు. నోటు పుస్తకంలో కాయిల్ కరెంటు, హాల్ వోల్టేజీ, సమయం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఉష్ణోగ్రత గడిలో మాత్రం మొదటి వరుసలో 25 అని ఉంది, కింద పేజీ చివరిదాకా డిట్టో గుర్తులే ఉన్నాయి.

రోళ్లు పగిలే ఎండలు ముందున్నాయి కనుక ఈ ఒక్క తప్పు గురించి వివరంగా చెప్పాలి. గాలియం ఆర్సెనైడ్‌తో చేసిన హాల్ సెన్సర్ స్పందన డిగ్రీకి సుమారు 0.06 శాతం తగ్గుతుంది. ఇండియం యాంటిమొనైడ్ రకంలో ఈ మార్పు ఇంకా చాలా ఎక్కువ. గది పది డిగ్రీలు వేడెక్కితే ఒక టెస్లా క్షేత్రంలో 0.6 శాతం, అంటే 60 గాస్ తేడా వస్తుంది (ఒక టెస్లా అంటే పదివేల గాస్). మనం ఆశించే కచ్చితత్వమేమో ఒక గాస్. కణ భౌతిక ప్రయోగాల్లో, అయస్కాంత క్షేత్రంలో కణం వంగిన తీరును బట్టే దాని ద్రవ్యవేగాన్ని లెక్కగడతాం కనుక, క్షేత్రంలో జరిగిన పొరపాటు అదే శాతంతో ద్రవ్యవేగంలోకి చేరుతుంది. ఆ తరువాత ఎంత గొప్ప ప్రోగ్రాం రాసినా దాన్ని విడదీయలేము, ఎందుకంటే ఏ రీడింగు ఎంత వేడిలో తీశారో ఎవరికీ గుర్తుండదు.

గోడకున్న ఏసీ చూపించే అంకె సెన్సర్ ఉష్ణోగ్రత అనుకోవద్దు. మినపగింజంత ఉండే ఆ సెన్సర్ పలుకు వేడెక్కిన కాయిళ్ల మధ్య, తనలో పారే కరెంటుకు తానూ వేడెక్కుతూ ఉంటుంది. ఉష్ణోగ్రత కొలిచే చిన్న థర్మిస్టర్‌ను దాని వీపుకు ఆనించి అతికించి, కరెంటు ఇచ్చాక కనీసం అరగంట ఆగి, అంకె నిలకడగా ఉందని చూశాకే మొదటి రీడింగు తీయాలి. ప్రతి రీడింగు పక్కనా ఉష్ణోగ్రత రాయాలి.

కాయిల్ కరెంటును చూసి క్షేత్రాన్ని ఊహించడం రెండో పొరపాటు. ఇనుప ధ్రువాలున్న విద్యుదయస్కాంతంలో కరెంటు పెంచుతూ వచ్చినప్పుడూ తగ్గిస్తూ వచ్చినప్పుడూ, ఒకే కరెంటు దగ్గర క్షేత్రం వేరువేరుగా ఉంటుంది. ఎన్‌ఎంఆర్ ప్రోబ్‌నే ప్రమాణంగా పెట్టుకోవాలి; ప్రోటాన్లు ఏ పౌనఃపున్యం దగ్గర స్పందిస్తాయో చూసి అది క్షేత్రాన్ని కొలుస్తుంది. ప్రోటాన్ ఒక టెస్లాకు 42.577 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఆ లెక్క ఎండకు మారదు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, దానికంటే బరువైన కణం) ప్రయోగంలో 1.45 టెస్లా వలయం చుట్టూ 378 ఎన్‌ఎంఆర్ ప్రోబ్‌లను స్థిరంగా అమర్చడానికి కారణం ఈ నమ్మకమే.

సెన్సర్‌ను క్షేత్రానికి నిటారుగా బిగించాలి. ఒక డిగ్రీ వాలితే ప్రధాన క్షేత్రం రీడింగులో తేడా 0.015 శాతమే, కాని అడ్డ దిశను కొలిచే సెన్సర్‌లోకి ప్రధాన క్షేత్రం 1.7 శాతం జొరబడుతుంది. సెన్సర్ సున్నా రీడింగును బల్ల మీద పెట్టి చూడకూడదు, అక్కడ భూమి క్షేత్రమే సుమారు 0.4 గాస్ ఉంటుంది. బయటి అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూ-మెటల్ డబ్బాలో పెట్టి చూడాలి. ఆ డబ్బాను కింద పడేయకూడదు. అయస్కాంతం దగ్గరికి తేకూడదు. సెన్సర్‌ను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చదవాలి. ప్రయోగంలో 1.5 టెస్లా ఉంటే 1 టెస్లాదాకా కేలిబ్రేట్ చేసి మిగతాది గీత పొడిగించి రాయకూడదు. కాయిల్‌లో కరెంటు ఉండగా తీగ ఊడదీయకూడదు. కరెంటు పోయి వచ్చాక వెంటనే కొలవకూడదు, నిలకడ కోసం మళ్లీ అరగంట ఆగాలి. చల్లటి నీటి గొట్టాల మీద చెమ్మ పడితే తుడిచి ఆరాకే స్విచ్ వేయాలి. కృష్ణ ఒడ్డు గాలిలో ఆ చెమ్మ తప్పదు. ఉష్ణోగ్రత రాయాలి. డిట్టో గుర్తు పెట్టకూడదు. చివరి సెన్సర్ అయ్యాక మొదటి సెన్సర్‌ను మళ్లీ పెట్టి చూడాలి. ఒక టెస్లా దగ్గర రెండు రీడింగుల మధ్య ఒక గాస్‌కు మించి తేడా వస్తే ఆ రోజు పట్టిక మొత్తం కొట్టివేసి, మరునాడు తెల్లవారుజామున చల్లని వేళ మళ్లీ మొదలుపెట్టాలి.