చిత్రాలపై అక్షరాలు వేసే స్క్రిప్టు – 4వ పాఠం: ముందు వరుసలు, తరువాతే నీడలు

గత పాఠంలోని స్క్రిప్టును నడిపి చూసిన వారిలో చాలామందికి చిత్రం మీద తెలుగైతే వచ్చింది గానీ, ఒత్తులు విడిపోయి వచ్చాయి. 'స్త్రీ' అని ఇస్తే 'స్‌త్‌రీ' అని పడింది. అందుకని ఈ పాఠంలో చెబుతానన్న నీడలు, అంచులు కొంత వెనక్కి జరపక తప్పడం లేదు.

లోపం ఫాంటులో లేదు. ఏ హల్లు కింద ఏ ఒత్తు ఏ రూపంలో రావాలో ఫాంటు ఫైలులోనే రాసి ఉంటుంది. మనం వాడే పైథాన్ చిత్రాల లైబ్రరీ పిల్లోలో అక్షరాలను పేర్చే బేసిక్ లేఅవుట్ ఇంజనుకు ఆ పట్టికలను చదవడం రాదు. చదవగలిగింది రాక్మ్ ఇంజను. అది హార్ఫ్‌బజ్, ఫ్రీబిడీ అనే లైబ్రరీల సాయంతో పనిచేస్తుంది. 8.2 వెర్షను నుంచి పిల్లో రెడీమేడ్ ప్యాకేజీలలో రాక్మ్ కలిసే వస్తున్నా, ఫ్రీబిడీని మాత్రం అది నడిచే సమయంలో కంప్యూటరులో వెతుక్కుంటుంది. విండోస్‌లో ఫ్రీబిడీ డీఎల్ఎల్ ఫైలు దొరకకపోతే, ఇంజను ఏదో మనం ప్రత్యేకంగా చెప్పని పక్షంలో, ఒక్క హెచ్చరికైనా ఇవ్వకుండా బేసిక్‌కు మారిపోతుంది. పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూలులో ఉన్న చెక్ ఫంక్షనుకు రాక్మ్ పేరు ఇచ్చి చూస్తే ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. నేను ఆ పరీక్ష కూడా రాయను. అక్షరాలు గీసే ప్రతి పిలుపులోనూ లాంగ్వేజ్ ఆర్గ్యుమెంటుగా తెలుగు సంకేతం ఇచ్చేస్తాను; రాక్మ్ లేకపోతే స్క్రిప్టు అక్కడే ఎర్రర్‌తో ఆగిపోతుంది. తప్పు అక్షరాలతో వంద బొమ్మలు తయారవడం కంటే అదే మేలు.

అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించిన వారి ఫాంటులో తెలుగే లేదని అర్థం. ఒక ఫాంటులో లేని అక్షరాన్ని పిల్లో మరో ఫాంటు నుంచి తెచ్చుకోదు కనుక, వాక్యంలో ఇంగ్లీషు కూడా కలిసి ఉంటే రెండు లిపులూ ఉన్న ఫాంటునే ఎంచుకోవాలి.

కమాండు లైను నుంచి ఫైలు పేరు, వాక్యం, రంగు తీసుకోవడం మీకు తెలిసిన పనే. వాక్యాన్ని వరుసలుగా విరిచి మధ్యలో నిలపడం దగ్గరే అందరూ జారిపడుతున్నారు.

మొదటి పొరపాటు అక్షరాల లెక్కతో వరుసను విరవడం. పైథాన్‌లో లెన్ ఫంక్షను 'స్త్రీ'కి 6 అంటుంది, 'మనవడు'కు 5 అంటుంది. కంటికి మొదటిది ఒకే అక్షరం, రెండవది నాలుగు. వాక్యాన్ని వరుసలుగా విరిచే టెక్స్ట్‌వ్రాప్ మాడ్యూలు ఈ లెక్కనే నమ్ముతుంది కాబట్టి, ఒత్తులు ఎక్కువగా ఉన్న వరుస సగంలోనే తెగిపోతుంది, ఒత్తులు లేనిది గట్టు దాటి బయటికి పోతుంది. ఖాళీల దగ్గర మాటలుగా విడదీసి, ఒక్కో మాటను చేర్చుకుంటూ, ప్రతిసారీ వరుస మొత్తాన్ని టెక్స్ట్‌లెంగ్త్‌తో పిక్సెళ్లలో కొలవండి.

రెండవది నాకు మరీ చిరాకు తెప్పించేది. మాట వెడల్పు, ఎత్తు చెప్పే టెక్స్ట్‌సైజ్ ఫంక్షనును పిల్లో 10వ వెర్షనులో తీసేశారు. పాత ఉదాహరణలను చూసి రాసేవారు దాని స్థానంలో, అక్షరాల చుట్టూ పట్టే పెట్టె అంచులను ఇచ్చే టెక్స్ట్‌బీబాక్స్ పెట్టి, కింది అంచు నుంచి పై అంచును తీసేసి, ఆ వచ్చినదే వరుస ఎత్తు అనుకుంటున్నారు. అది వరుస ఎత్తు కాదు, సిరా పడిన మేర మాత్రమే. 'మన' అన్న మాటలో ఆధారరేఖకు (అక్షరాలు కూర్చునే గీతకు) దిగువన దాదాపు ఏమీ ఉండదు. 'స్త్రీ'లో ఒత్తులు చాలా కిందికి దిగుతాయి. 'కీర్తి'లో పైన గుడులు, కింద ఒత్తు రెండూ ఉంటాయి. ఈ మూడింటినీ సిరా ఎత్తు ప్రకారం ఒకదాని కింద ఒకటి పేరిస్తే మూడు ఆధారరేఖల మధ్య దూరం మూడు రకాలుగా వస్తుంది. ఒకే వరుసను పెట్టె మధ్యలో నిలిపినా, దానిలో ఒత్తున్న మాట ఒకటి చేర్చగానే వరుసంతా పైకి జరుగుతుంది. పైగా టెక్స్ట్‌బీబాక్స్ ఇచ్చే పెట్టె సున్నా దగ్గర మొదలు కాదు. దాని ఎడమ, పై విలువలను లెక్కలో కలపని వారికి అక్షరాలు ఎప్పుడూ కాస్త కిందికే పడతాయి.

ఫాంటుకు ఉన్న గెట్‌మెట్రిక్స్ ఫంక్షను ఆధారరేఖకు ఎగువ, దిగువ కొలతలను ఇస్తుంది. ఏ మాట రాసినా అవి మారవు. రెండింటినీ కూడి, దానికి పదోవంతు కలిపితే వరుస ఎత్తు. యాంకర్‌గా 'ఎం', 'ఎస్' అనే రెండక్షరాలు ఇస్తే మీరిచ్చిన బిందువు వరుసకు అడ్డంగా నడుమన, నిలువుగా ఆధారరేఖ మీద కుదురుతుంది. ఇక వెడల్పును సగం చేసి తీసివేసే పని లేదు.

ఇప్పుడు అలంకారం. స్ట్రోక్ విడ్త్‌కు (అంచు మందానికి) ఎంత విలువ ఇస్తే అంచు ప్రతి వైపూ అన్నేసి పిక్సెళ్లు పెరుగుతుంది, కనుక టెక్స్ట్‌లెంగ్త్ ఇచ్చిన వెడల్పుకు ఆ విలువకు రెండింతలు కలుపుకోవాలి. ఫాంటు సైజులో ఇరవయ్యో వంతు దాటితే ఒత్తుల లోపలి సందులు పూడిపోతాయి. నేను దానికీ లోపలే ఉంటాను.

నీడ కోసం చిత్రమంత పారదర్శకమైన వేరే పొర తీసుకొని, దాని మీద అక్షరాలు గీసి, గాసియన్ బ్లర్‌తో మసకబరిచి, పారదర్శక పొరలను కలిపే ఆల్ఫా కాంపోజిట్‌తో చిత్రం మీద పరచాలి. అసలు అక్షరాలను ఆ తరువాత వేయాలి. తెల్లని కాంతివలయం కావాలంటే ఖాళీ పొరను 0, 0, 0, 0తో, అంటే పూర్తిగా పారదర్శకమైన నలుపుతో, మొదలుపెట్టకండి. బ్లర్ చేసినప్పుడు కనిపించని ఆ నలుపు తెలుపులో కలిసి, అంచు చుట్టూ మురికి బూడిద రంగు తేలుతుంది. 255, 255, 255, 0 ఇవ్వండి. జేపెగ్‌గా దాచే ముందు ఆర్‌జీబీకి మార్చడం మరవకండి. ఆ ఫార్మాటులో పారదర్శకతకు చోటు లేదు.

అభ్యాసం: ఒక చిత్రం, దానిలో ఒక దీర్ఘచతురస్రం, ఒక పేరా ఇస్తే, ఆ చతురస్రంలో పట్టే అతి పెద్ద ఫాంటు సైజును 12, 400ల మధ్య ద్విభాజక శోధనతో (ప్రతిసారీ మిగిలిన మేరను సగం చేసుకుంటూ) కనుక్కొనే ఫంక్షను రాయండి. ప్రతి సైజుకూ వరుసలను మళ్లీ విరవాలి, అంచు మందాన్ని సైజుతో పాటు మార్చాలి, చతురస్రం వెడల్పును మించిన మాట ఒక్కటి ఉన్నా ఆ సైజును తిరస్కరించాలి. 12 దగ్గర కూడా పట్టకపోతే ఫంక్షను ఏమి తిరిగి ఇవ్వాలో మీరే నిర్ణయించండి. వచ్చే పాఠంలోని కోడు ఆ జవాబు మీదే ఆధారపడుతుంది.