బల్లార్షా ఎండలో తంగేడు పెంచే పద్ధతి

మే నెలలో 45 డిగ్రీలు దాటే మా బల్లార్షాలో (మహారాష్ట్ర) పెరట్లో ఏం పెట్టాలని ఎవరడిగినా నేను తంగేడే చెప్తాను. బతుకమ్మకు పువ్వు దొరుకుతుంది, నిజమే. కానీ నాకు దాని మీద బతికే జీవాలే ముఖ్యం.

నర్సరీలో అడగాలంటే ఇక్కడ మరాఠీలో ‘తరవడ్’ అనండి. గింజలతో పెంచడమే మేలు. పైపెంకు గట్టిది కాబట్టి, మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున ఉబ్బినవి ఏరి నాటండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద కాస్త రుద్ది మళ్లీ నానబెట్టండి.

తొలకరి పడగానే నేరుగా నేలలోనే వేయాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది, పెద్దయ్యాక పీకి మారిస్తే బతకడం కష్టం. మాది నల్లరేగడి, వానల్లో నీళ్లు నిలుస్తాయి. అందుకే మొరం కలిపి జానెడెత్తు దిబ్బ పోసి, దాని మీద రెండు మూడు గింజలు వేస్తాను. ఎండ రోజంతా తగలాలి. మొదటి ఎండాకాలం అప్పుడప్పుడు నీళ్లు పోస్తే చాలు.

ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అది కేసరాల కొసన ఉన్న సన్న రంధ్రాల్లోంచి రాలాలి. నల్లటి గండు తుమ్మెద వచ్చి కేసరాలను పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిరిస్తుంది, ఆ అదురుకు పుప్పొడి దాని పొట్ట మీద పడుతుంది. పొద్దున్నే దగ్గర నిలబడండి, వాలగానే మోత మారడం వినిపిస్తుంది. గూటి కోసం ఎండు కొయ్య ఒకటి అక్కడే పడేసి ఉంచండి. చీమలకు తేనె ఆకు దగ్గరే దొరుకుతుంది, ఆకు జంటల మధ్య కాడ మీద ఊరుతుంది.

లేత ఆకుల మీద తెల్లటి సీతాకోకచిలుకలు ఒక్కో గుడ్డే పెడతాయి. వాటి పచ్చటి గొంగళి ఈనె మీద పొడుగ్గా పడుకుంటే కనపడదు. ఆకులు చిల్లులు పడ్డాయని పక్కింటి వహిని (మరాఠీలో వదిన) మందు కొట్టమంది, వద్దన్నాను. మందు కొడితే తంగేడు పెట్టి ఏం లాభం? ఆకులు మళ్లీ చిగురిస్తాయి. ఆ పురుగులే పిట్టపిల్లలకు మేత.

పండుగకు కొమ్మ విరవకుండా గుత్తులే తెంపండి, సగం చెట్టుకే వదలండి. పూత తగ్గాక కొసలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. కత్తెర పెట్టే ముందు ఆకుల అడుగున ప్యూపాలున్నాయేమో చూడండి. ఉంటే సీతాకోకచిలుక బయటికొచ్చేదాకా ఆ కొమ్మ జోలికి పోవద్దు.