మతిమరుపు మనిషితో మాట - ఆరో పాఠం: "నేనెవరో చెప్పుకోండి చూద్దాం"

ఈ వారం స్నానం గురించి చెప్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. అయిదో పాఠం చదివి ఇంట్లో ఆచరణలో పెట్టినవాళ్లు చెప్పిన సంగతులు విన్నాక, ఆ చిక్కు విప్పకుండా బకెట్టూ మగ్గూ అందుకోవడం బాగోదనిపించింది.

అయిదో పాఠం మొత్తం ఒక్క మాట చుట్టూ తిరిగింది: కాదనొద్దు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్న మనిషి ఇవాళ ఆదివారం అంటే, బుధవారమని క్యాలెండరు చూపించి గెలవొద్దు. ఇంతవరకూ బాగానే ఉంది. కాదనకుండా మరేమనాలి అన్నది నేను రెండు ముక్కల్లో తేల్చేశాను. తప్పు నాదే.

తెనాలిలో ఒకాయన వాళ్ల నాన్నగారిని చూసుకుంటున్నారు. తల్లి పోయి నాలుగేళ్లయింది. పెద్దాయన రోజూ సాయంత్రం "మీ అమ్మ ఏదిరా?" అంటారు. ఇదివరకు ఈయన "అమ్మ పోయింది కదా నాన్నా" అనేవారట. పెద్దాయనకి అది రోజూ కొత్త వార్తే, రోజూ కొత్త ఏడుపే. నా పాఠం చదివాక "బజారుకెళ్లింది, వచ్చేస్తుంది" అన్నారు. పెద్దాయన కర్రపట్టుకుని వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. రాత్రి పదయినా లేవలేదు. "అది రాకుండా నేనెట్లా తింటానురా?" అన్నారట.

ఇందులో పాపమంతా "వచ్చేస్తుంది" అన్న మాటది. అబద్ధమే కాకుండా దానికో గడువు కూడా పెట్టారు. గడువు పెడితే మనిషి ఎదురుచూస్తాడు. పెద్దాయన అడుగుతున్నది ఆవిడ అడ్రసు కాదు. పొద్దుగూకే వేళకి పక్కన మనిషి లేదు, ఏదో వెలితిగా ఉంది, అదీ అడుగుతున్నది. ఆ వెలితికి జవాబు చెప్పాలి. "అమ్మ గుర్తొచ్చిందా నాన్నా? గోంగూర పచ్చడి చేసిందంటే వీధి వీధంతా గిన్నెలు పట్టుకొచ్చేవాళ్లు" అని పక్కన కూర్చోండి. ఆయన అందుకుంటారు. లేదంటే ఊరుకుంటారు. రెండూ మంచివే. ఒకవేళ "నిజం చెప్పు, పోయిందా?" అని సూటిగా అడిగితే, పోయిందనే చెప్పి చెయ్యి పట్టుకోండి. అంత తెలివిలో ఉండి అడిగిన మనిషికి బజారు కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇంకో ఇంట్లో అత్తగారు "నా గొలుసు పనిమనిషి తీసింది" అన్నారు. కోడలు, కాదనకూడదు కదా అని, "తీసే ఉంటుందత్తయ్యా" అంది. అత్తగారు గుమ్మంలోకెళ్లి కేకలు. పనమ్మాయి ఆ పూటే మానేసింది. గొలుసు మర్నాడు బియ్యం డబ్బాలో దొరికింది. కాదనకపోవడమంటే అవుననడం కాదమ్మా. "గొలుసు కనపడకపోతే కంగారే కదా అత్తయ్యా, పదండి వెతుకుదాం" అంటే అందులో అవునూ లేదు, కాదూ లేదు. వెతుకుతూ వెతుకుతూ పెట్టెలో పాత చీరలు బయటికొస్తాయి, మాట చీరల మీదికి మళ్లుతుంది. నా అడ్డదారి ఒకటుంది: అలాంటిదే వన్‌గ్రామ్ గోల్డ్ గొలుసు ఒకటి కొని, అసలుది బ్యాంకు లాకర్లో పడేయండి. దీన్ని మోసమనేవాళ్లు అనుకోనీండి.

"మా ఇంటికి పోతా" అని సంచి సర్దుకునే సంగతి చాలామంది అడిగారు. అది సాయంత్రాలే ఎక్కువ. డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు. చీకటి పడకముందే అన్ని లైట్లూ వెయ్యండి, మధ్యాహ్నం నిద్ర తగ్గించండి, నాలుగున్నరకల్లా తినడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టండి. "ఇదే మన ఇల్లు" అని వాదించొద్దు. తలుపు గడియ, మాత్రల డబ్బా వగైరా మీకు తెలిసినవే, దాటేస్తున్నాను. ఒక్కటి మాత్రం దాటను. నిన్నటిదాకా ఒక తీరున ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి పూర్తిగా తలకిందులైతే, మాట తడబడి మగతగా ఉంటే, జబ్బు ముదిరిందని ఇంట్లో కూర్చోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలాంటివి కారణం కావచ్చు. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక అసలు సంగతి. పైన తెనాలి ఆయనకి చెప్పిన మాటలో "గుర్తొచ్చిందా" అన్నాను, గమనించారా? "గుర్తుందా" అనలేదు. "గుర్తొచ్చిందా" అంటే నీ మనసులో ఏముందో చెప్పు, వింటాను అని. "గుర్తుందా" అంటే పలకా బలపం తీయమని. మన ఇళ్లలో డిమెన్షియా మనిషికి రోజు మొత్తం జరిగేది ఈ రెండోదే. నాకు అన్నిటికంటే ఒళ్లు మండే విషయం కాబట్టి, ఈ పాఠంలో మిగతాదంతా దీనికే.

మా మామయ్యగారు లెక్కల మాస్టారు. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో చెప్పారు. జబ్బు మొదలయిన మూడో ఏడు, బంధువులబ్బాయి పెళ్లి పిలుపుకని ఒకాయన వచ్చాడు. గుమ్మంలోంచే "మాస్టారూ, నేనెవరో చెప్పుకోండి చూద్దాం!" అన్నాడు. మామయ్యగారు నవ్వారు. "నిన్ను గుర్తుపట్టకపోవడమేంటోయ్! ఇంట్లో అందరూ కులాసాయేనా?" అన్నారు. బాగా తప్పించుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. "అబ్బే, అట్లా కాదు, పేరు చెప్పాలి" అని ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాడు. "పోనీ, మొదటక్షరం చెప్తా." ఇంటిల్లిపాదీ నవ్వుతున్నారు, నాతో సహా. మామయ్యగారి ఎడమచెయ్యి పంచె అంచుని చుట్టడం మొదలుపెట్టింది. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి. ఆ వచ్చినాయన వెళ్లిపోయాక కూడా ఆ చెయ్యి ఆగలేదు. ఎవరు వచ్చారో, ఏమడిగారో గంటలోపే మర్చిపోయారు. అన్నం దగ్గర మాత్రం కంచం జరిపేసి, "నాకేదో తప్పు జరిగిందమ్మా" అన్నారు.

మర్చిపోతారులే, ఏమవుతుంది అనుకుంటాం. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనపడే రకం) ఉన్నవాళ్లకి ఏడిపించే సినిమా ముక్కలు కొన్ని, నవ్వించేవి కొన్ని చూపించారు. కాసేపటికి ఏం చూశామో వాళ్లకి దాదాపు గుర్తులేదు. దిగులు మాత్రం అలాగే ఉంది. పైగా చూసిన సంగతి ఎంత తక్కువ గుర్తుంటే దిగులు అంత ఎక్కువసేపు నిలిచింది. మనకైతే కారణం తెలుస్తుంది, సర్దిచెప్పుకుంటాం. వాళ్లకి కారణం చేజారిపోయి బాధ ఒక్కటే మిగులుతుంది. "నాకేదో తప్పు జరిగిందమ్మా" అంటే ఇదే.

"అడుగుతూ ఉంటేనే కదా మెదడుకి పని" అంటారు కొందరు. కొత్త సంగతుల్ని దాచిపెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం అల్జీమర్స్‌లో తొలి దశలోనే దెబ్బతింటుంది. నోటుబుక్కు ఉంది, పెన్నులో సిరా లేదు. మీరు పదిసార్లు డిక్టేషన్ చెప్పినా పేజీ తెల్లగానే ఉంటుంది. మెదడుకి పని కావాలంటే చిక్కుడుకాయలు ఈనెలు తీయమనండి, పాత పాట మొదలెట్టి వదిలేయండి. "డాక్టరుగారు మాత్రం అడగరా?" అని ఇంకొందరు. అడుగుతారు. తేదీ, ఊరు, మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ చెప్పమనడం, ఇలా 30 మార్కుల పరీక్ష ఒకటి 1975 నుంచి వాడుకలో ఉంది. ఆయన కొన్ని నెలలకోసారి, జబ్బు ఎంతవరకు వచ్చిందో కొలవడానికి అడుగుతారు. మీరు కాఫీ గ్లాసు ఇచ్చినప్పుడల్లా అడుగుతున్నారు.

పరీక్షలని తెలియకుండా పెట్టే పరీక్షలు కూడా ఉన్నాయి. ఇవాళ ఏం వారం? మనవరాలి పేరేంటి? పొద్దున ఎవరొచ్చారో చెప్పు? డాలస్ నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తాడు, ఇక్కడ ఫోన్ పట్టుకున్నవాళ్లు "ఎవరో చెప్పండి, ఎవరో చెప్పండి" అని తెర ముఖం మీదకి తెస్తారు. ఆ గుప్పెడంత బొమ్మలో నాకే మా అబ్బాయి సరిగా ఆనడు. ఫోన్ చేసినవాళ్లే ముందు చెప్పాలి: "నాన్నా, నేను, మీ చిన్నాడిని. మీరు నాకు సైకిల్ నేర్పించింది తలుచుకుంటున్నా." పేరు, వరస, ఒక పాత సంగతి, ఈ మూడూ మొదటి ఊపిరిలోనే వచ్చేయాలి. ఇంటికొచ్చే చుట్టాలకి ముందే ఫోన్ చేసి ఇది చెప్పేయండి. తలుపు మీద కాగితం అంటించొద్దు. మేం అంటించినదాన్ని మామయ్యగారు ఆ రోజే చదివారు, గట్టిగా, ఒత్తులు సరిచేస్తూ.

అన్నిటికంటే ప్రమాదమైన పరీక్ష మన నోట్లో ప్రేమగా వచ్చేదే: భోంచేశారా?

ఎదురింటి పిన్నిగారు ఒకరోజు గోడ మీంచి అడిగారు. "ఎక్కడమ్మా! పొద్దుటినుంచి కాఫీ చుక్క లేదు" అన్నారు మామయ్యగారు. ఆ రోజు ఆయన ఉప్మా తిన్నారు, పప్పుచారు అన్నంలో రెండు అప్పడాలు నంజుకున్నారు, మజ్జిగ తాగారు. ఆయన అబద్ధం చెప్పలేదు. గుర్తులేని అన్నం తినని అన్నమే. వారం తిరిగేసరికి నేను మాస్టారికి కూడు పెట్టని కోడలినయ్యాను. రేషన్ షాపు లైన్లో ఒకావిడ నాకు వినపడేలాగే అంది. ఇంటికొచ్చి పెరుగ్గిన్నె ముందు పెట్టుకుని ఏడ్చాను.

ఇరుగుపొరుగుతో మేం పెట్టుకున్న శనివారం కూటం ఆ ఏడుపులోంచే పుట్టింది. అపార్ట్‌మెంట్ సెల్లారులో టీ, పకోడీ పెట్టి పదకొండు మందిని పిలిస్తే నలుగురొచ్చారు. కూడు పెట్టని కోడలన్న మాట నేను ఎత్తలేదు, ఈ జబ్బు గురించే చెప్పాను. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన అంచనా. (అప్పట్లో ఈ లెక్క నా దగ్గర లేదు, ఇప్పుడు పిలిస్తే ముందు ఇదే చెప్తాను. వీధిలో వంద మంది పెద్దవాళ్లుంటే ఏడుగురు.) పిన్నిగారికి నేను నేర్పింది ఒక్కటే: అడక్కండి, చెప్పండి. మర్నాడు ఆవిడ "మాస్టారూ, మీ ఇంట్లో పప్పుచారు మా ఇంటిదాకా ఘుమఘుమలాడింది" అన్నారు. ఆయన "మా కోడలు పోపు అట్లాంటిది" అన్నారు. నేను వంటింట్లో ఉన్నాను.

టీ బంకు అబ్బాయికి ఇంకొకటి నేర్పాను. మామయ్యగారు ఒంటరిగా సందు దాటి కనపడితే చెయ్యి పట్టుకుని ఆపొద్దు, కేకెయ్యొద్దు, పక్కన నడువు అన్నాను. ఒకరోజు అతను "నాకూ అటే పని మాస్టారూ" అని కలిసి నడిచి, పాలకేంద్రం చుట్టూ తిప్పి, మా గేటు ముందు "అరె, మీ ఇల్లొచ్చేసింది" అన్నాడట. నాకంటే బాగా నేర్చుకున్నాడు.

మీ దగ్గర అలాంటి నలుగురు లేకపోతే: 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. పెద్దవాళ్ల సమస్యలకి ఎల్డర్ లైన్ 14567, మీ మనసు బాగోకపోతే టెలి మానస్ 14416. రెండోది మీ కోసమే. అదీ పెద్దాయన కోసమే అనుకోవద్దు.

అభ్యాసం. కొంచెం కష్టమైనదే ఇస్తున్నాను. ఏడు రోజులపాటు ఆ మనిషిని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏంటి, గుర్తుందా అనే మాటలతో ఏదీ అడగకూడదు. నోరు జారినప్పుడల్లా స్టీలు గ్లాసులో ఒక చింతగింజ వేయండి. ఇంట్లో అందరికీ అదే గ్లాసు, పిల్లలకీ మినహాయింపు లేదు. "కాఫీ కావాలా, టీ కావాలా?" అని రెండూ చేతిలో పట్టుకుని చూపిస్తే గింజ అక్కర్లేదు, అది పరీక్ష కాదు. "నొప్పిగా ఉందా?" కూడా అడగొచ్చు, అడగాలి. "భోంచేశారా"కి మాత్రం రెండు గింజలు. మొదటి రోజు మా ఇంట్లో సాయంత్రానికే ఇరవై మూడు పడ్డాయి, అందులో పద్నాలుగు నావి.

గ్లాసు అందేచోట పెట్టొద్దు. కనపడింది నోట్లో పెట్టుకునే దశలో ఉన్నవాళ్లయితే గింజలే వద్దు, గోడ మీద గీతలు గీసుకోండి. మా మామయ్యగారికి ఆ ఇబ్బంది లేదు. మూడో రోజు గ్లాసు చూసి "ఇవెందుకమ్మా?" అన్నారు. లెక్క తేలడం లేదు మామయ్యగారూ అన్నాను. చాప మీద పోయించుకుని, పదేసి చొప్పున కుప్పలు పెట్టి, మిగిలిన నాలుగూ అరచేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.